అనంతపురం ఎండకు, తాడిపత్రి దారులకు ఏ టైరు?

పోయిన సెప్టెంబర్‌లో మా నాయన ఊరి నుంచి ఫోన్ చేశాడు. "నువ్వేయించిన టైరు నువ్వే వచ్చి తీయించుకో" అని ఒక్కమాట చెప్పి పెట్టేశాడు.

తప్పు నాదే. తాడిపత్రి దగ్గర మా ఊళ్ళో ఆయనకు ఒక టీవీఎస్ ఎక్స్‌ఎల్ ఉంది. చేనికి, పాలకేంద్రానికి, ఎరువుల అంగడికి, అన్నిటికీ అదే బండి. వెనక టైరు నున్నగా అరిగిపోతే, అనంతపురంలో ఉండేది నేను కాబట్టి ఇక్కడే కొని తీసుకుపోయాను. చేని దారికి పట్టు కావాలి గదా అని, కంపెనీ వేసినదానికంటే ఒక సైజు లావుది, లోతైన గాడులున్నది ఏరి మరీ కొన్నాను. చూడ్డానికి భలే ఉండింది. మొదటి గట్టి వానకే నల్లరేగడి మట్టి ఆ గాడుల్లో పట్టుకుని, టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఉన్న వేలెడు సందులో ముద్దగా చేరి, చక్రం బిగుసుకుపోయింది. గడ్డిమోపుతో సహా బండిని అరకిలోమీటరు తోసుకుంటూ వచ్చాడు పెద్దాయన.

ఆ దెబ్బతో నేను షాపువాళ్ళను అడగడం తగ్గించి, టైరు మీద రాసింది చదవడం మొదలుపెట్టాను. మా ఇంటికి మూడు బండ్లు: నాయన ఎక్స్‌ఎల్, నేను రోజూ ఆఫీసుకు పోయే 100 సీసీ బైకు, ఏడో తరగతి చదివే మా పాప సైకిలు. మూడింటికీ మూడు వేరువేరు జవాబులు వచ్చాయి. మీ ఇంట్లో కూడా ఇలాంటి మేళమే ఉంటే, ఈ రాతలో ఎక్కడో ఒకచోట మీ బండి కూడా ఉంటుంది.

"ఏ కంపెనీ టైరు మంచిది?" అనేది అందరూ మొదట అడిగే ప్రశ్న. నా లెక్కలో అది చివరి ప్రశ్న. ఎంఆర్‌ఎఫ్, సియట్, టీవీఎస్ యూరోగ్రిప్, అపోలో, జేకే... పేరున్న కంపెనీల మధ్య తేడా కంటే, ఒకే కంపెనీ చేసే రెండు మోడళ్ళ మధ్య తేడానే ఎక్కువ. ముందు తేల్చుకోవాల్సినవి మూడే: బండి ఏ దారిలో తిరుగుతుంది, ఎంత బరువు మోస్తుంది, పంక్చరైతే చుట్టుపక్కల ఎవరున్నారు.

మన దారుల్లో ఏమేం గుచ్చుకుంటాయి

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో రాసే సలహాల్లో వాన నీళ్ళలో పట్టు గురించి పేజీలకు పేజీలు ఉంటాయి. అనంతపురం జిల్లాకు ఏడాది మొత్తానికి పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. మనకు నీళ్ళకంటే ముళ్ళు ముఖ్యం.

సైకిలుకు అసలు శత్రువు పల్లేరుకాయ. కాలనీల్లో ఇళ్ళు కట్టని ఖాళీ జాగాల నిండా అదే పరుచుకుని ఉంటుంది. ఎటు పడినా ఒక ముల్లు పైకి చూసేలా దాని నిర్మాణం. సైకిలు టైరు మందం తక్కువ కాబట్టి నేరుగా ట్యూబు దాకా దిగుతుంది. ఒక్క కాయకు రెండు మూడు చిల్లులు కూడా పడతాయి. ఒకటి అతికించి గాలి కొడితే ఇంకోచోట బుస్సుమంటుంది. బైకు టైరుకు పల్లేరుకాయ పెద్ద లెక్క కాదు. దానికి కంపముల్లు కావాలి. రోడ్డు పక్కల కంపచెట్లు కొట్టి, ట్రాక్టరుకు వేసుకుని పోతున్నప్పుడు రాలిన కొమ్మలు దారి మీదే ఎండిపోతాయి. ఎండిన ముల్లు పచ్చిదానికంటే గట్టిది. టైరులోకి దిగి మొదలు దగ్గర విరిగిపోతే బయటికి ఏమీ కనబడదు. వారం తర్వాత నెమ్మదిగా గాలి దిగడం మొదలవుతుంది, మనం వాల్వును తిట్టుకుంటాం.

తాడిపత్రి, బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు తిరిగేవాళ్ళకు ఇది చాలదన్నట్టు బండముక్కలు. పాలిష్ ఫ్యాక్టరీల నుంచి వ్యర్థాన్ని తీసుకుపోయే ట్రాక్టర్ల నుంచి రాలిన పలుకులు కొడవలి అంచులా ఉంటాయి. ముల్లు టైరు మధ్యలో గుచ్చుకుంటుంది, బండముక్క మాత్రం పక్కగోడను కోస్తుంది. పక్కగోడ తెగితే దానికి అతుకు లేదు, టైరే మార్చాలి. అందుకే అటువైపు తిరిగే బండికి పక్కగోడ పలచగా ఉండే టైరు తీసుకోకండి. అంగట్లో టైరును రెండు చేతులతో పట్టుకుని పక్కల నొక్కి చూస్తే తేడా చేతికే తెలుస్తుంది.

ఇక నల్లరేగడి. వానలో దానికి ఏ టైరూ పూర్తిగా నిలవదు, నిజం చెప్పాలంటే ఎద్దులబండే నిలవదు. అక్కడ కావాల్సింది లావు కాదు, సందు. గాడులు విశాలంగా, ఒకదానికొకటి దూరంగా ఉంటే తిరిగేటప్పుడు మట్టి విసిరిపోతుంది. చిన్నచిన్నగా, దగ్గరదగ్గరగా ఉంటే పట్టుకుని వదలదు. మడ్‌గార్డుకు దూరం తగ్గించే లావు టైరు అసలుకే మోసం. నేను చేసింది అదే.

ట్యూబు ఉండాలా, వద్దా

ఎక్కువమంది తేల్చుకోలేనిది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

ట్యూబు టైరులో గాలి పట్టి ఉంచేది లోపలి ట్యూబు. ముల్లు దాన్ని గుచ్చిందంటే చిల్లు సాగి, గాలి వాల్వు పక్క నుంచి, స్పోకుల సందుల నుంచి చకచకా పోతుంది. వేగంగా పోతున్నప్పుడు ముందు టైరు గాలి ఒక్కసారిగా దిగితే హ్యాండిలు చేతికి దక్కదు. ట్యూబ్‌లెస్‌లో గాలిని పట్టి ఉంచేది టైరు లోపలి పొరా, టైరు అంచు రిమ్ముకు బిగుసుకునే చోటూ. మేకు దిగినా ఆ మేకే బిరడాలా అడ్డుపడుతుంది. గాలి దిగుతుంది, కానీ మెల్లగా. గుత్తి దాటాక గుచ్చుకున్న మేకుతో నేను ఒకసారి అనంతపురం దాకా వచ్చి, ఇంట్లో బండి నిలబెట్టి, పొద్దున గానీ చూసుకోలేదు. 44వ నంబరు హైవే మీద లారీల మధ్య రాత్రిపూట బండి పక్కకు ఆపి నిలబడాల్సిన అవసరం రాకపోవడం ఎంత సుఖమో అది పడ్డవాళ్ళకు తెలుస్తుంది. ట్యూబు రాపిడి లేదు కాబట్టి వేడి కూడా తక్కువ. మే నెలలో మన తారురోడ్డు మీద అది చిన్న విషయం కాదు.

మరి అందరూ ట్యూబ్‌లెస్సే వేసుకోవచ్చు గదా అంటే, రిమ్ము ఒప్పుకోవాలి. మామూలు స్పోకుల రిమ్ముకు ప్రతి స్పోకు దగ్గరా రంధ్రమే. గాలి నిలవదు. అల్లాయ్ చక్రం ఉన్నంతమాత్రాన కూడా కాదు. కొన్ని పాత బండ్లకు అల్లాయ్ చక్రాలు ఉన్నా లోపల ట్యూబే ఉంటుంది. ట్యూబ్‌లెస్ కోసం చేసిన రిమ్ము లోపల, టైరు అంచు జారి మధ్యలోకి పడకుండా చిన్న గట్టు ఉంటుంది. రిమ్ము మీద సైజు పక్కన ఎంటీ అని అచ్చు వేసి ఉంటే అది ఆ రకం, డబ్ల్యూఎం అని ఉంటే ట్యూబు రకం. టైరు మీదేమో టీఎల్ అంటే ట్యూబ్‌లెస్, టీటీ అంటే ట్యూబు టైరు. "ఏం కాదు సార్, వేసేద్దాం, జెల్ పోస్తే నిలబడుతుంది" అని చెప్పేవాళ్ళు మన ఊళ్ళో ఉన్నారు. మలుపులో గాలి తక్కువైనప్పుడు ఆ గట్టు లేని రిమ్ము నుంచి టైరు అంచు జారితే అప్పుడు ఆ మాట చెప్పినవాడు పక్కన ఉండడు.

ట్యూబ్‌లెస్‌కు ఒక లోటు ఉంది, పల్లెల్లో ఉండేవాళ్ళు దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. గుంతలో పడి రిమ్ము అంచు వంగితే గాలి కారుతుంది. ట్యూబు బండికి ఆ బాధ లేదు, రిమ్ము కాస్త వంగినా నడుస్తుంది. టైరు అంచు రిమ్ము నుంచి ఊడి వస్తే దాన్ని మళ్ళీ కూర్చోబెట్టడానికి కంప్రెసరు కావాలి. చేతి పంపుతో అయ్యే పని కాదు. మా ఊళ్ళో పంక్చర్లు వేసే అంగడి ఒకటే ఉంది. ఆ భాయ్ దగ్గర చేతి పంపు, నీళ్ళ తొట్టి, అరగదీసే ఆకురాయి, సొల్యూషన్ ట్యూబు ఉంటాయి. ఎక్స్‌ఎల్ ట్యూబు ఆయన పావుగంటలో అతికించి ఇస్తాడు. ఆ దారిలో, ఆ బండికి, ఆ ట్యూబే సరైనది.

మొత్తానికి నా తీర్పు: హైవే ఎక్కే బైకు, రిమ్ము ఒప్పుకుంటే, కళ్ళు మూసుకుని ట్యూబ్‌లెస్. ధర కాస్త ఎక్కువైనా సరే. స్పోకుల చక్రం, పల్లె దారి, నెమ్మది నడక అయితే మంచి ట్యూబు టైరు, కొత్త ట్యూబుతో. కొత్త టైరులో పాత ట్యూబు పెట్టి పొదుపు చేయకండి. పాతది సాగి ఉంటుంది, కొత్త టైరులో మడత పడి ఆ మడత దగ్గరే చిరుగుతుంది.

సీలెంట్ జెల్, అంటే చిల్లు పడితే పూడ్చేలా టైరులో పోసే జిగురు గురించి అడుగుతారు గనుక: ట్యూబ్‌లెస్‌లో చిన్న ముల్లు చిల్లులకు పనిచేస్తుంది. మన వేడికి లోపలే ఎండి గడ్డకడుతుంది, ఎప్పటికప్పుడు మార్చాలి. పైగా తర్వాత పంక్చర్ వేసేవాళ్ళు ఆ జిగురు చూసి విసుక్కుంటారు. నేను పోయించను. దాని బదులు సీటు కింద ఒక పంక్చర్ కిట్టు, కాలితో కొట్టే చిన్న పంపు పెట్టుకున్నాను. టైరులో గాలికి బదులు నైట్రోజన్ నింపించడం సంగతైతే ఇంకా తేలిక. మామూలు గాలిలో 78 శాతం అదే ఉంది, బైకుకు దానికి డబ్బులు పెట్టక్కర్లేదు.

టైరు మీద రాసింది చదవడం

నా బైకు టైరు మీద 80/100-18 అని ఉంటుంది. టైరు వెడల్పు 80 మిల్లీమీటర్లు, ఎత్తు ఆ వెడల్పులో 100 శాతం, అంటే అది కూడా 80. చక్రం 18 అంగుళాలది. ఎక్స్‌ఎల్ మీద 2.50-16 అని ఉంటుంది. అది పాత పద్ధతి: వెడల్పు రెండున్నర అంగుళాలు, చక్రం 16. చక్రం అంకె తప్పితే టైరు ఎక్కనే ఎక్కదు కాబట్టి అక్కడ ఎవరూ మోసపోరు. మోసపోయేది వెడల్పు దగ్గరే. బండి బలంగా కనబడాలని కుర్రాళ్ళు వెనక లావు టైరు వేయిస్తారు. మైలేజీ తగ్గుతుంది, మలుపులో బండి బద్ధకిస్తుంది, ఇరుకు రిమ్ము మీద లావు టైరు ఉబ్బి గుండ్రంగా తిరిగి, నేలకు ఆనేది ఇంకా తక్కువే. కంపెనీ ఇచ్చిన సైజే వేయించండి. ఇందులో నాకు వేరే అభిప్రాయం లేదు.

సైజు పక్కనే ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి. మనవాళ్ళు దాదాపు ఎవరూ చూడనిది ఇదే. అంకె ఆ టైరు మోయగలిగే బరువుకు గుర్తు, అక్షరం వేగానికి. 41 అంటే 145 కిలోలు, 47 అంటే 175, 54 అంటే 212. ఎల్ అంటే గంటకు 120 కిలోమీటర్లు, పి అంటే 150. వేగం సంగతి వదిలేయండి, మన బండ్లు ఆ దరిదాపులకు పోవు. బరువు మాత్రం చూడాలి. ఎక్స్‌ఎల్ టైరు 41 రకానిది అనుకుందాం. బండి బరువులో సగం, కూర్చున్న మనిషి, వెనక రెండు యూరియా మూటలు. ఇప్పుడు మూట 45 కిలోలు కాబట్టి రెండు మూటలకు 90. కూడి చూస్తే 145 ఎప్పుడో దాటిపోయింది. టైరు ఆ రోజే పేలదు. లోపలి నైలాను దారాలు కొద్దికొద్దిగా తెగి, మూణ్ణెల్లకు పక్కన బొడిపెలా ఉబ్బుతుంది. అప్పుడు "కంపెనీ మంచిది కాదు" అంటాం. మా నాయనకు ఒక మూట ముందు, ఒకటి వెనక పెట్టి బరువు పంచమని చెప్పాను. "నలభై ఏళ్ళుగా మోస్తాండా, నాకు చెప్తావా" అన్నాడు గానీ, తర్వాత అలాగే పెడుతున్నాడు.

నాలుగు అంకెల తయారీ గుర్తు ఇంకోటి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం, అంటే జూన్‌లో చేసిందని. రెండేళ్ళ కిందట ఒక షాపులో "కొత్త స్టాకు" అని అంటగట్టిన టైరు ఇంటికొచ్చాక చూస్తే నాలుగేళ్ళ పాతది. వేసిన ఏడాదికే గాడుల అడుగున సన్నని పగుళ్ళు. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. అందులోనూ షాపు ముందు ఎండలో వేలాడదీసినదైతే మరీ. ఏడాది లోపలిదైతే తీసుకోండి, రెండేళ్ళు దాటితే వేరేది చూపించమనండి. ఈ అంకెలు అడిగితే కొన్ని షాపుల్లో ముఖం మాడుతుంది. మాడనివ్వండి. ఐఎస్‌ఐ గుర్తు లేని చవక టైరు మాత్రం ఎవరిచ్చినా తీసుకోవద్దు.

గాడుల ఆకారం గురించి ఎక్కువ చెప్పను. ముందు టైరుకు పొడవాటి గీతలు, వెనకదానికి పలకలు ఉండటం మామూలు బండ్లకు సరిపోతుంది. ముందుది తిన్నగా నడిపించాలి, వెనకది తోయాలి. మట్టిదారుల కోసం చేసే పెద్ద పలకల టైర్లు తారురోడ్డు మీద గుయ్యిమని మోత పెడతాయి, తొందరగా అరుగుతాయి. వారానికొకసారి చేనికి పోయే బండికి అవి దండగ. రబ్బరు మెత్తదైతే పట్టు ఎక్కువ, ఆయుష్షు తక్కువ, గట్టిదైతే తారుమారు. మూడు నెలల దుమ్ము మీద మొదటి వాన పడిన రోజు మాత్రం ఏ టైరైనా సబ్బు మీద నడిచినట్టే ఉంటుంది. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర తెల్లగీతల మీద ఆ రోజు బ్రేకు కొట్టకండి. కొత్త టైరు కూడా మొదటి వంద, రెండొందల కిలోమీటర్లు జారుతుంది, పైపొర అరిగేదాకా నిదానం.

సైకిలు దగ్గర 26 అంటే 26 కాదు

పాప సైకిలు వెనక టైరు పోయింది. మీద 26 అని ఉంది. షాపుకు పోయి "26 టైరు ఇవ్వు" అన్నాను. ఇచ్చాడు. ఇంటికొచ్చి ఒక ఆదివారం పొద్దునంతా కుస్తీ పట్టాను, టైరు రిమ్ము మీద కూర్చోలేదు సరిగదా, వదులుగా ఊగుతోంది. సంగతేమిటంటే, నేను తెచ్చింది 26 x 1⅜. పాప సైకిలుది 26 x 1.95. వెడల్పును భిన్నంలో రాసేవి ఒక కుటుంబం, దశాంశంలో రాసేవి ఇంకో కుటుంబం. 26 అనేది టైరు బయటి కొలత, అదీ సుమారుగా. రిమ్ము మీద కూర్చునే చోట కొలత మొదటిదానికి 590 మిల్లీమీటర్లు, రెండోదానికి 559. మూడు సెంటీమీటర్ల తేడా. అందుకే ఇప్పుడు టైరు మీద చిన్నగా 50-559 లాంటి అంకె కోసం చూస్తాను. రెండో అంకె కలిస్తే చాలు, టైరు ఎక్కుతుంది. పాత నల్ల సైకిళ్ళకు వచ్చే 28 x 1½ టైరుకు ఆ అంకె 635. ఇప్పుడొచ్చే సన్నటి 700సీ సైకిళ్ళకు, 29 అంగుళాల వాటికి 622. పేర్లు వేరైనా ఆ రెంటి రిమ్ము కొలత ఒకటే.

ఏది కొనాలి అంటే, బడికి, అంగడికి పోయే సైకిలుకు పెద్ద పెద్ద పలకలున్న టైరు పిల్లలకు ముచ్చటే గానీ తొక్కడానికి బరువు. మధ్యలో గీత కలిసిపోయి, పక్కల మాత్రమే పలకలున్న టైరు తీసుకుంటే తారు మీద తేలిగ్గా పోతుంది, మట్టిలోకి దిగినా జారదు. మా పాపకు అదే వేశాను, తేడా ఆమే చెప్పింది. పొద్దున్నే కడప, కర్నూలు, అనంతపురం బైపాసుల మీద యాభై అరవై కిలోమీటర్లు తొక్కేవాళ్ళకు సన్నటి టైరు సరే. కానీ మన ముళ్ళకు లోపల ముల్లు ఆపే పొర ఉన్న మోడల్ తీసుకోవాలి. కాస్త బరువు, కాస్త ధర ఎక్కువైనా పల్లేరుకాయ బాధ సగం పోతుంది.

పాత సైకిళ్ళ వాల్వులో చిన్న రబ్బరు గొట్టం ఉంటుంది, వాల్‌ట్యూబు. ఎండాకాలంలో అది ఎండి పగిలి గాలి పోతే, పంక్చర్ అనుకుని టైరు విప్పేస్తారు. ముందు ఆ ముక్క మార్చి చూడండి. వాల్వు మీద ఉమ్మి రాసి బుడగ వస్తుందేమో చూసే పాత పద్ధతికి ఇప్పటికీ తిరుగులేదు. ఇంకో గుర్తు: విప్పిన ట్యూబులో పక్కపక్కనే రెండు చిల్లులు, పాము కాటేసినట్టు ఉంటే అది ముల్లు కాదు. గాలి తక్కువున్న టైరు గుంత అంచుకు తగిలి, ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగింది. దానికి మందు గాలే.

గాలి

నిజానికి టైరు ఎంపికలో నేను చేసిన తప్పులన్నీ కలిపినా, గాలి చూసుకోకపోవడం వల్ల నాకు అయిన ఖర్చుకు సరిరావు. ఖరీదైన టైరు, తక్కువ గాలి కంటే, మామూలు టైరు, సరైన గాలి మేలు.

ఎంత కొట్టాలి? బైకుకు టైరు మీద రాసిన అంకె చూడకండి, అది ఆ టైరు తట్టుకునే హద్దు. బండి కంపెనీ చెప్పిన అంకె చైన్ కవరు మీద స్టిక్కరులోనో, పుస్తకంలోనో ఉంటుంది. నా బండికి ముందు 25 పీఎస్‌ఐ (గాలి మీటరు చూపే ఒత్తిడి కొలత), ఒక్కడినే పోతే వెనక 28, ఇద్దరం పోతే ఇంకా ఎక్కువ చెప్పారు. సైకిలుకు ఇది తిరగబడుతుంది. అక్కడ టైరు మీదే తక్కువ, ఎక్కువ అని రెండు అంకెలు ఉంటాయి. తేలికైన పిల్లలకు కిందివైపు, బరువున్న పెద్దలకు పైవైపు.

ఎండాకాలంలో మన ఊళ్ళలో ఒక నమ్మకం ఉంది: ఎండకు గాలి ఉబ్బి టైరు పేలుతుంది, కాబట్టి ఐదు తగ్గించి కొట్టించాలి అని. సగం నిజం. గాలి ఉబ్బుతుంది. తెల్లవారుజామున 25 డిగ్రీలప్పుడు 29 కొట్టిన టైరు, మధ్యాహ్నం హైవే మీద లోపలి గాలి 60 డిగ్రీలకు వేడెక్కితే 34 దాకా పోతుంది. కానీ ఆ పెరుగుదలను టైరు చేసేటప్పుడే లెక్క వేసి ఉంటారు. మనం ముందే తగ్గించామంటే పక్కగోడ ప్రతి చుట్టుకూ ఎక్కువ వంగుతుంది. తీగను అటూఇటూ వంచితే వేడెక్కినట్టు అదీ వేడెక్కుతుంది. మే నెలలో పేలే టైర్లలో చాలావాటికి కారణం ఎక్కువ గాలి కాదు, తక్కువ గాలి, ఎక్కువ బరువు. కాబట్టి పొద్దున్నే, బండి రెండు కిలోమీటర్లు కూడా తిరగకముందే గాలి చూడండి. మధ్యాహ్నం వేడిగా ఉన్నప్పుడు చూసి, ఎక్కువుందని వదిలేస్తే సాయంత్రానికి అది తక్కువైపోతుంది.

బంకులో గాలికి డబ్బులివ్వక్కర్లేదు, కానీ అక్కడి మీటర్లన్నీ ఒకే మాట చెప్పవు. జేబులో పట్టే గేజి ఒకటి కొనుక్కున్నాను. పది, పదిహేను రోజులకొకసారి చూస్తే చాలు. వాల్వుకు మూత లేకపోతే దుమ్ము చేరి పిన్ను సరిగా మూసుకోదు. మన దుమ్ములో ఆ చిన్న మూత విలువ పెద్దది.

అతుకు ఎప్పటిదాకా, మార్పు ఎప్పుడు

ట్యూబ్‌లెస్‌కు బయట నుంచి రబ్బరు పుల్ల దూర్చే పంక్చరు త్వరగా అయిపోతుంది. నేలకు ఆనే భాగంలో, ఆరు మిల్లీమీటర్లకు మించని చిల్లుకు అది చాలు. హైవే మీద ఎక్కువ తిరిగే బండికి తీరికగా టైరు విప్పించి లోపలి నుంచి ప్యాచ్ వేయించడం మంచిది. పక్కగోడకు పుల్ల దూర్చి ఇస్తానంటే వద్దనండి. ట్యూబ్‌లెస్ టైరు చిల్లులమయం అయిపోయిందని లోపల ట్యూబు పెట్టి నడపడం ఊరికి చేరేదాకా సరే, ఏడాది నడపడానికి కాదు. పంక్చర్ వేయించాక, గుచ్చుకున్నది ఏమిటో అడిగి చూడండి, టైరు లోపల వేలు తిప్పించండి. విరిగిన ముల్లు లోపలే ఉంటే రేపు మళ్ళీ అదే అంగడికి వస్తారు.

అరుగుదల కూడా మాట్లాడుతుంది. మధ్యలో మాత్రమే అరిగితే గాలి ఎక్కువ, రెండు పక్కలా అరిగితే గాలి తక్కువ, అక్కడక్కడా గుంటలుగా అరిగితే షాక్ అబ్జార్బరో బేరింగో చూపించాలి. గాడుల అడుగున చిన్న గట్లు ఉంటాయి. పక్కగోడ పైన టీడబ్ల్యూఐ అనో, చిన్న త్రికోణమో ఉన్నచోట వెతికితే దొరుకుతాయి. టైరు అరిగి ఆ గట్టుతో సమానమైతే దాని పని అయిపోయింది. ద్విచక్ర వాహనాలకు గాడి లోతు 0.8 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదని మోటారు వాహనాల నిబంధనలే చెబుతున్నాయి. నున్నటి టైరుకు వేడి కత్తితో గాడులు తీసి అమ్మేవాళ్ళ జోలికి పోకండి. వెనకది అరిగిందని ముందుకు, ముందుది వెనక్కి మార్చడం కూడా వద్దు. నా బండికి వెనక టైరు రెండుసార్లు మారేలోగా ముందుది ఒకసారి మారుతుంది. కొత్తది బిగించేటప్పుడు పక్కన బాణం గుర్తు చక్రం తిరిగే వైపు ఉందో లేదో మీరే చూడండి. చెప్పకపోతే తిరగేసి వేసిన సందర్భం నాకు ఎదురైంది.

ఇక నాయన ఎక్స్‌ఎల్‌కు, మరుసటి ఆదివారం కంపెనీ సైజే, 2.50-16, పలకలు దూరంగా ఉన్నది, కొత్త ట్యూబుతో తీసుకుపోయాను. భాయ్ లోపల పౌడర్ చల్లి, ట్యూబు మడత లేకుండా సర్ది, కొంచెం గాలి కొట్టి, దులిపి, మళ్ళీ నిండుగా కొట్టాడు. తర్వాత వచ్చిన రెండు వానల్లో చక్రం బిగుసుకోలేదు. విప్పిన ఆ లావు టైరును పారేయడానికి నాయన ఒప్పుకోలేదు, "కొత్తదే గదరా" అని అటక మీద పెట్టాడు. మొన్న దించి చూశాను. తయారీ అంకెల లెక్కన దానికి అప్పుడే మూడో ఏడు నడుస్తోంది.